బెల్లం నీళ్ల స్లాబు

ఉస్తాద్ పోయిండట. పోయి నెల దాటిందట. ఈ సంగతి నాకు సైదాబాద్ కూరగాయల మార్కెట్ల, బెండకాయలు ఒక్కొక్కటి కొస విరిచి చూస్తున్నప్పుడు తెలిసింది. చెప్పినామె మా ఇల్లు కడుతున్నప్పుడు సున్నం తట్టలు మోసిన కూలామె. నేను ఆమెను గుర్తు పట్టలే. ఆమెనే నన్ను గుర్తు పట్టి, మంచిగున్నరా సార్, ఇల్లు మంచిగున్నదా అని అడిగి, ఆ మాట మీదనే ఉస్తాద్ సంగతి చెప్పింది. పొద్దున ఛాయ్ తాగి గోడకు ఆనుకొని కూసున్నోడు గట్లనే పోయిండట. ఆమె చెప్పి తన సంచి ఎత్తుకొని పోయింది. నేను బెండకాయలు మల్ల కుప్పల ఏసి ఉత్త చేతులతోని ఇంటికొచ్చిన.

మా ఇంటామె సంచి చూసి, ఏం తేలేదేంది అన్నది. ఉస్తాద్ పోయిండట అన్న. ఆమె కొంగు మొకానికి పెట్టుకొని లోపలికి పోయింది. ఎప్పుడో తొమ్మిదేండ్ల కింద మా ఇంట్ల ఒక ఏడాది పని చేసిన మేస్త్రి కోసం ఇంత ఎందుకు ఏడుస్తదో నాకు సమజ్ కాలే.

నాకైతే ఏడుపు రాలే. పరేషానైంది. ఆయనకు ఒక మాట చెప్పాల్నని తొమ్మిదేండ్ల సంది అనుకుంటున్న. పెద్ద మాటేం కాదు. "ఉస్తాద్, నీ స్లాబు నిలిచింది, తప్పు నాదే." గంతే. సైదాబాద్ నుంచి ఆయన ఉండే కార్వాన్ ఎంత దూరమని! పొద్దున పోతే మధ్యాహ్నం బువ్వకు ఇంట్ల ఉండొచ్చు. పోలే. ఈ ఆదివారం పోదాం, పండుగయినంక పోదాం, ఎండలు తగ్గినంక పోదాం అనుకుంట ఉన్న. ఇప్పుడు చెప్పనీకె మనిషే లేడు. అప్పుడు నేనన్న మాట కడుపుల పెట్టుకొనే పోయిండా, లేక నన్ను ఎప్పుడో మర్చిపోయిండా? గిదే నా ఫికర్.

ఆయన పేరు నాకు తెల్వదు. ఏడాది పొడుగూత రోజూ చూసిన మనిషి పేరు తెల్వదంటే ఎవలైనా నవ్వుతరు. నేను సర్కారు ఆఫీసుల గుమాస్తాను, నాకు అన్నీ కాయితం మీద ఉండాలె. ఇల్లు మొదలు పెట్టేముందు ఒక ఒప్పందం రాసిన. పేరేం రాయాలె అని అడిగితే, ఉస్తాద్ అని రాయి సార్, పోస్టాయన గుడ గట్లనే తెస్తడు అన్నడు. సంతకం రాదు, ఏలిముద్ర పెట్టిండు. చూస్తే ఒక్క గీత లేదు. ఉత్త నల్లటి మచ్చ. యాభై ఏండ్లు సున్నంల పెట్టిన ఏళ్లకు గీతలు ఎక్కడుంటయి. మల్ల పెట్టుమన్న, మల్ల గదే మచ్చ. ఆయన తన బొటనేలు తిప్పి చూసుకొని, జర సిగ్గుపడి, ఎవలదైనా అనుకోవచ్చు సార్ అన్నడు. ఆ కాయితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెల ఉన్నది.

ఆయనను నేను మొదట చూసింది గౌలిపురల. అప్పట్ల మేం గౌలిపురల ఒక గల్లీల, గూన పెంకుల ఇంట్ల ఉండెటోళ్లం. మా ఇంటి పక్క గుడి మండపానికి గచ్చు చేయనీకె ఆయన వచ్చిండు. గచ్చంటే ఇప్పటోళ్లకు తెల్వదు. సున్నం నెలల తరబడి నానబెట్టి, ఇసుకతోని దంచి, అండ్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గోడకు పూసి, నున్నటి రాయితోని రుద్దుతరు. ఆయన రుద్దుతుంటే నేను సైకిల్ ఆపి చూసెటోణ్ణి. ఆఫీసుకు ఆలస్యమైనా చూసెటోణ్ణి. పది దినాలకు ఆ గోడల నా మొకం కనబడ్డది. సైదాబాద్‌ల జాగ తీసుకున్న, నా ఇల్లు కడుతవా అని అడిగిన. జాగ ఎంత, ఎన్ని అర్రలు అని అడుగుతడనుకున్న. ఇంట్ల ఎవలెవలు ఉంటరు అని అడిగిండు. నేను గజాలు చెప్పిన. ఆయన మల్ల గదే అడిగిండు.

నా దగ్గర ఒక నోటు బుక్కు ఉండె. మా ఆఫీసుల ఒక ఓవర్సీర్ కొత్త ఇల్లు కట్టుకున్నడు, గృహప్రవేశానికి పోయొచ్చిన. నున్నగ పాలిషు పట్టిన మొజాయిక్ నేల, టేకు తలుపులు, కిటికీలకు పూల డిజైను గ్రిల్లు, నిలబడి వండుకునే అరుగు, అన్నింటికంటె మీద సిమెంటు స్లాబు. ఇంటికొచ్చి అన్నీ బుక్కుల రాసుకున్న. స్లాబు కింద రెండు గీతలు గీసిన. ఎందుకంటే వాన పడ్డదంటే మా పెంకుటింట్ల గిన్నెలన్నీ నేల మీదనే ఉండేటియి. చిన్నప్పటి సంది ఆ టపటప సప్పుడు వినుకుంట పండుకున్న. ఎట్లనన్నా చేసి నీళ్లు కారని కప్పు కింద పండుకోవాల్నని నా ఆశ. ఇంట్ల మిగిలినయి ఎట్లున్నా పర్వాలే, స్లాబు మాత్రం ఫస్టు క్లాసు ఉండాల్నని ఆయనకు మొదటి దినమే చెప్పిన.

ఏది చెప్పినా ఆయనది ఒకటే జవాబు. "చూద్దాం సార్, గోడ ఏమంటదో." అవునని అనడు, కాదని అనడు. కిటికీ గీడ పెట్టాలె అంటే, చూద్దాం గోడ ఏమంటదో. తలుపు ఎడమ దిక్కు తెరుచుకోవాలె అంటే గదే. నాకు మంట లేసేది. గోడ ఏమంటదయ్యా, పైసలు నావి, జాగ నాది, నేను కదా అనాల్సింది! ఆయన నవ్వెటోడు గుడ కాదు. గోడను అరచేత్తోని తట్టుకుంట అవతలికి పోయెటోడు.

ఇసుక బండి వస్తే చిటికెడు నోట్ల ఏసుకొని పండ్ల కింద నలిపి చూసెటోడు. కసుక్కుమంటే దింపుకోమని చెయ్యి ఊపెటోడు. మెత్తగ ఉంటె ఉమ్మేసి, బండాయన దిక్కు చూడకుంట పోయి కూసునెటోడు. ఒకసారి గట్ల మూడు బండ్లు వాపసు పంపిండు. ఇటుక మీద ఇటుక కొట్టి చెవి దగ్గర పెట్టుకునెటోడు. మధ్యాహ్నం బువ్వ తిన్నంక పొద్దున కట్టిన గోడకు చెంప ఆనిచ్చి పండుకునెటోడు. తడి గోడకు ఎందుకు పండుకుంటున్నవ్, సలి పెడతది కదా అంటే, సల్లగుంటదనే సార్ అన్నడు. నాకది నిజమో కాదో తెల్వదు. ఒక దినం గట్ల పండుకొని లేచి, అంతకు ముందు దినమే లేపిన గోడను తానే తాపీతోని విప్పుడు మొదలు పెట్టిండు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సగం నేల మీద ఉన్నది. మస్తు లొల్లి చేసిన. ఏం తప్పున్నదో చెప్పు అంటే, తప్పేం లేదు, మంచిగ లేదు అన్నడు. రెండింటికి తేడా ఏందో ఇప్పటికీ నాకు సమజ్ కాదు.

నన్ను ఏం అడగకపోయెటోడు గని మా ఇంటామెను అన్నీ అడిగెటోడు. ఇల్లు కట్టేటప్పుడు మేం ఆ గల్లీ చివరనే ఒక అర్ర కిరాయికి తీసుకున్నం, ఆమె రోజూ బువ్వ తీసుకొని వచ్చేది. వంట అరుగు కట్టేనాడు ఆమెను గోడ దగ్గర నిలబెట్టి, బిడ్డా, రొట్టె చేస్తున్నట్టు చెయ్యి ఊపు అన్నడు. ఆమె సిగ్గుపడుకుంట ఊపింది. మోచేయి కింద ఎంత జాగ ఉండాల్నో చూసి బొగ్గుతోని గీత గీసిండు. మల్ల ఒక బిందె ఇచ్చి చంకల పెట్టుకొని మెట్లెక్కినట్టు నడువుమన్నడు. ఆమె కాలు ఎంత లేస్తదో చూసి బయటి మెట్లు గంత ఎత్తే పెట్టిండు. నేను నోటు బుక్కు తీసి, ఓవర్సీర్ ఇంట్ల అరుగు ఇంతెత్తు ఉన్నది అన్న. ఆయన ఇంట్ల ఈ బిడ్డ వండుతదా సార్ అని అడిగిండు. మా ఇంటామె కిసుక్కున నవ్వింది. నేను బుక్కు మూసిన.

ఇగ స్లాబు సంగతి. అప్పట్ల సిమెంటు పర్మిట్ మీదనే దొరికేది. అర్జీ పెట్టి, నెలల కొద్ది తిరిగి, చెప్పులు అరిగినంక నాకు పర్మిట్ అయింది. బస్తాలు తెచ్చి తడి తగలకుంట చెక్కల మీద పేర్చిన. అది నా ప్రాణం. ఉస్తాద్ వచ్చి ఒక బస్తా మూల విప్పి, చిటికెడు తీసి వాసన చూసి, గిది తొందరపడే సరుకు సార్ అన్నడు. సున్నం అయితె నెలలు నానాలె, ఇది పొద్దున కలిపితె మాపటికి రాయైతదట, గంత తొందర ఎవలకున్నది అన్నడు. స్లాబు పని వస్తదా ఉస్తాద్ అని అడిగిన. రెండు మూడు ఏసిన అన్నడు. ఓవర్సీర్ అయితె, స్లాబుకు వేరే కంట్రాక్టర్‌ను పెట్టు, సున్నం పని చేసే ముసలాయనతోని ఏపియ్యకు అని ముందే చెప్పిండు. నేను వినలే. గౌలిపుర గోడల నా మొకం కనబడ్డ సంగతి నా కండ్లల్ల ఉండె.

స్లాబు ఏసేనాడు తెల్లారకముందే కూలోళ్లు దిగిన్రు. ఆడోళ్లు వరుసగ నిచ్చెన మీద నిలబడి చేతులు మార్చుకుంట తట్టలు పైకి పంపుతుంటె, ఉస్తాద్ నీళ్ల డ్రమ్ము దగ్గర నుంచి కదలలే. ఇంకొకల్ని ఆ డ్రమ్ము ముట్టనియ్యలే. కొలిచి కొలిచి తానే పోసిండు. ఆ నీళ్లు జర ఎర్రగ కనబడ్డయి. డ్రమ్ము తుప్పు అనుకున్న. మాపటికి రెండర్రల మీద, ముందర్ర మీద, ఎనుకర్ర మీద, స్లాబు పూర్తయింది. ఉస్తాద్ మెడల కండువ తీసి చెమట తుడుసుకొని, నీ ఆశ తీరింది సార్ అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. అబద్ధం ఎందుకు, ఆ దినం ఆయన కాళ్లు మొక్కుదామనిపించింది.

తెల్లారి పోయి చూస్తే స్లాబు మెత్తగనే ఉన్నది. ఆగుండ్రి అన్నడు. రెండో దినం మొల గుచ్చితె దిగింది. ఆగుండ్రి అన్నడు. మూడో దినం పొద్దున నేను పోయేసరికి, కింద స్లాబుకు ఊతగ పెట్టిన కట్టెలు ఎక్కుకుంట చీమలు పోతున్నయి. ఒకటి కాదు రెండు కాదు, నాలుగు వరుసలు, లైను కట్టి పైకి. కొత్త సిమెంటుకు చీమలేందని నిచ్చెన ఎక్కి చూసిన. స్లాబంత చీమలే. నాకేం తోచలే. ఏలు అద్ది నాలిక మీద పెట్టుకున్న. తియ్యగ ఉన్నది.

ఉస్తాద్‌ను పిలిచి అడిగితె దాచలే. "బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపిన సార్. బెల్లం నా ఇంటిది, మంచిది చూసి తెచ్చిన. గుళ్లకు, నవాబుల దేవిడీలకు ఏసిందే నీకు గుడ ఏసిన. ఫస్టు క్లాసు ఉండాలె అన్నవ్ కదా, ఉత్త నీళ్లు ఎట్ల పోస్త?" గొప్ప చెప్పుకున్నట్టు గుడ లేకుండె. చుట్టపోళ్లకు కూర వడ్డించినంత మామూలుగ చెప్పిండు. నాకు కోపం చెయ్యాల్నో దండం పెట్టాల్నో సమజ్ కాలే.

నాలుగో దినం ఓవర్సీర్‌ను ఆయన స్కూటర్ మీదనే తీసుకొచ్చిన. ఆయన గొడుగు కొస స్లాబుల గుచ్చిండు. దిగింది. చీమలను చూసిండు. సంగతి విని కడుపు పట్టుకొని నవ్విండు, కూలోళ్లందరి ముందర. తీపి తగిలితె సిమెంటు చచ్చిపోతది, ఇగ ఇది జన్మల గట్టిపడదు, మీద కూలకముందే తీసి పారెయ్యి అన్నడు. ఉస్తాద్ దూరం నుంచి విన్నడు. పట్టుకుంటది సార్, ఆలస్యమైతది, పట్టుకుంటది అని నాతోని మాత్రం మెల్లగ అన్నడు. చదువుకున్నాయన ఒక మాట, ముసలాయన ఒక మాట. ఆ దినం మధ్యాహ్నం బువ్వ ముందర కూసొని ఒక్క ముద్ద గుడ మింగలే.

అయిదో దినం వేరే కూలోళ్లను తీసుకొచ్చి పగలగొట్టుడు మొదలు పెట్టిచ్చిన. ఉస్తాద్ రోజూ వచ్చే యాల్లకే వచ్చి, గేటు పెట్టాల్సిన జాగల నిలబడి చూసిండు. ముందర్ర స్లాబు పెడ్డలు పెడ్డలుగ ఊడి కిందపడ్డది. అంత పర్మిట్ సిమెంటు మట్టి లెక్క కుప్ప అయింది. కూలోళ్లు ఎనుకర్ర దిక్కు తిరగంగనె ఉస్తాద్ నిచ్చెన ఎక్కిండు. గునపాల నడుమ నుంచి నడిచిపోయి, నడిమి గోడ మీద, అంచుకు కాళ్లు కింద ఏలాడేసి కూసున్నడు.

"ఆ దిక్కు నీది సార్, నువ్వు కొట్టుకున్నవ్. ఈ దిక్కు నాది. ఇరవై ఒక్క దినం నీళ్లు పెట్టుండ్రి."

నాకు ఒళ్లు మండింది. నీకు సిమెంటు పని రాదు, నా ఇల్లు ఖరాబు చేసినవ్, ఒప్పుకో ఉస్తాద్ అని కింది నుంచి అరిచిన. గల్లీ అంత విన్నది. ఆయన తన చేతులు రెండు తిప్పి తిప్పి చూసుకున్నడు.

"కావచ్చు సార్," అన్నడు. "గని ఈ దిక్కు కొట్టకు."

ఈ 'కావచ్చు' నన్ను తొమ్మిదేండ్లు తిన్నది. తప్పు ఒప్పుకున్నడా? ఒప్పుకుంటె కొట్టకు అనుడేంది? పని మీద నమ్మకముంటె కావచ్చు అనుడేంది? ఆయన దిగేదాక కూలోళ్లు గునపం ఎత్తలే. పెద్దమనిషి కూసున్న జాగల ఎట్ల కొడుతం సార్ అన్నరు. చీకటి పడేముందు వాళ్లు పోయిన్రు. ఉస్తాద్ దిగిండు. రేపటి సంది రావొద్దని చెప్పిన. సరే సార్ అన్నడు. తాపీ కడుక్కొని, సంచిల పెట్టుకొని, పోయేముందు మా ఇంటామెతోని ఏందో మాట్లాడి పోయిండు.

తెల్లారి నుంచి ఆమె గోనెసంచులు తడిపి ఎనుకర్ర స్లాబు మీద పరిచింది. పొద్దున, మాపు బిందెలతోని నీళ్లు మోసి పోసింది. చచ్చిన దానికి నీళ్లెందుకు అన్న. పోస్తె పోయేదేమున్నది అన్నది. నేను గుడ కొట్టియ్యలే. మంచితనంతోని కాదు, కొట్టిస్తే మల్ల ఏయనీకె సిమెంటు లేదు, అందుకని.

రెండు వారాలకు మొల దిగుడు ఆగిపోయింది. ఇరవై ఒక్క దినాలయినంక గుడ భయపడి ఇంకో వారం ఆగి, కింద కట్టెలు తీసేటాయనను పిలిచిన. తీయనీకె ఆయన భయపడ్డడు. మేమందరం బయట నిలబడ్డం. ఆయన ఒక్కొక్క కట్టె గుంజి బయటికి ఉరికొచ్చుడు, మల్ల లోపలికి పోవుడు. ఆఖరు కట్టె తీసినంక గుడ ఏం కాలే. ఆయనకు ధైర్యమొచ్చి కింది నుంచి గడ్డపారతోని ఒక్కటి గుద్దిండు. గడ్డపార ఎగిరొచ్చింది. స్లాబుకు గీత గుడ పడలే.

ఆ దినమే కార్వాన్ పోవాల్సింది. ఎందుకు పోలే? సిగ్గు అంటె సగం నిజం. మిగిలిన సగం ఏందంటే, అప్పటికే నేను చీమల కథ ఆఫీసుల పది మందికి చెప్పిన. మా ముసలి మేస్త్రి స్లాబుల బెల్లం కలిపిండయ్యా, నేను నాకి చూసిన అని చెప్పుతుంటె అందరు పడి పడి నవ్వెటోళ్లు. ఎవలన్న కొత్తగ బదిలీ మీద వస్తే, ఆ బెల్లం స్లాబు కథ చెప్పు అని నన్నే పిలిచెటోళ్లు. అసలు సంగతి చెప్తె కథ చెడిపోతది, నేను మూర్ఖుణ్ణి అయిత. అందుకని కథను స్లాబు పగలగొట్టిన కాడనే ఆపెటోణ్ణి. మంచి స్లాబును సగం పగలగొట్టుకున్నోడు నేనే అన్న మాట ఇన్నేండ్లల్ల ఆఫీసుల ఎవలకు చెప్పలే.

ముందర్రకు మొదట రేకులు ఏసినం. మల్ల పర్మిట్ అయినంక ఓవర్సీర్ చెప్పిన కంట్రాక్టర్‌తోనే, ఆయన చెప్పినట్టే స్లాబు ఏపిచ్చిన. రెండో వానాకాలం నుంచి మూలకు కారుడు మొదలు పెట్టింది. ఇప్పటికీ వాన పడితె అక్కడ బకీటు పెడతం. ఎనుకర్రల ఒక్క చుక్క పడలే. ఉస్తాద్ గొప్ప పనోడా, లేక తప్పు చేసినా అదృష్టం కొద్ది నిలిచిందా? తెలిసినోళ్లను అడిగిన. ఒక ఇంజనీరు జర తీపైతె ఆలస్యమైతది గని తర్వాత మస్తు గట్టిపడతది అన్నడు. ఇంకొకాయన అదంత ఉత్తదే, నీళ్లు మంచిగ పెట్టిన్రు కాబట్టి నిలిచింది అన్నడు. ముందర్రది గుడ ఉంచితె నిలిచేదా అంటే ఇద్దరు చెప్పలే.

నడుమ ఒకసారి గౌలిపుర పోయినప్పుడు గుడి కాడ విన్న, సైదాబాద్ ఇల్లు తర్వాత ఉస్తాద్ మల్ల తాపీ పట్టలేదని. గల్లీ అంత వినంగ, నీకు పని రాదు అన్న నోరు ఇదే. యాభై ఏండ్ల పనిని ఒక్క మాటతోని ఆపేసిననని నాకు ఖాయమైపోయింది. ఆ పాపం మోసుకుంటనే ఉన్న. మోస్తున్న గని పోలే.

ఆయన చచ్చినంక పోయిన. మార్కెట్ల విన్న వారానికి, ఆదివారం పొద్దున. కార్వాన్ గల్లీల ఉస్తాద్ ఇల్లెక్కడ అంటే, ఏ ఉస్తాద్ భాయ్, కుస్తీల ఉస్తాదా, బ్యాండు ఉస్తాదా అని అడిగిన్రు. పేరు చెప్పమన్నరు. పేరెక్కడిది? సున్నం ఉస్తాద్ అన్నంక ఒకాయన దారి చూపిచ్చిండు. చిన్న ఇల్లు, పెంకులదే. ఆయన భార్య గడపల కూసొని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. సైదాబాద్ నుంచి వచ్చిన అన్ననో లేదో, స్లాబు సారా, లోపలికి రా బిడ్డా అన్నది.

చాప మీద కూసొని, తొమ్మిదేండ్ల మాట ఆమెకు చెప్పిన. అమ్మా, ఆయన స్లాబు నిలిచింది, తప్పు నాది, ఈ మాట ఆయనకు చెప్పలేకపోయిన అన్న. ఆమె చాటల నుంచి తల ఎత్తి, నేనేందో కొత్త మాట చెప్తున్నట్టు గాకుంట, తెలిసిన సంగతే మల్ల విన్నట్టు చూసింది. నిలిచిందని ఆయనకు ఎరుకనే కదా బిడ్డా అన్నది. మల్ల నా మాటకే పని ఇడిసిపెట్టిండట కదా అంటే, ఎవలు చెప్పిన్రు, మోకాళ్లు పోయినయి, కింద కూసుంటె లేవరాకపోయేది, అందుకే ఇడిసిండు అన్నది. నీ మాట ఆయనేం పట్టించుకోలే అన్నది. సంతోషపడాల్నో ఏం చెయ్యాల్నో తెల్వలే. తొమ్మిదేండ్లు నేను మోసింది ఏందసలు?

ఎరుకనే అంటే ఎట్ల ఎరుక అని అడిగిన. "ఏడాదికి ఒకసారి వస్తుండె కదా మీ ఇంటికి," అన్నది ఆమె. "మీ ఇంటామె ఛాయ్ మంచిగ పెడతదని చెప్పెటోడు."

బస్సుల వస్తున్నంతసేపు నాకు ఇంకేం వినబడలే. ఇంటికొచ్చేసరికి మా ఇంటామె ఎనుకర్రల బట్టలు మడత పెడుతున్నది. నిలబడే అడిగిన, ఉస్తాద్ మన ఇంటికి వచ్చెటోడా అని. ఆమె చేతుల దుప్పటి ఆగింది. దాచలే. మొదటి వాన పడ్డంక ఒక దినం వచ్చెటోడట. మెల్లగ మిద్దె మీదికెక్కి, నాలుగు మూలల తిరిగి, చేత్తోని తట్టి చూసి, దిగొచ్చి ఛాయ్ తాగి పోయెటోడట. ఎక్కువ నేను ఆఫీసుకు పోయినప్పుడే. నాకొక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగిన.

"ఆయననే వద్దన్నడు. సార్ మొకం చిన్నబోతది, చెప్పకు బిడ్డా అన్నడు," అన్నది. దుప్పటి మడత పెట్టి పక్కన పెట్టింది. "పోయినేడు ఆదివారం వచ్చిండు. మీరు ఈడనే పండుకున్నరు. పైన ఎవలని అడిగిన్రు కదా. పక్కింటామె బట్టలు ఆరేయనీకె ఎక్కిందని చెప్పిన."

యాదికొచ్చింది. అడుగులు మెల్లగ పడుతుండె, ఒక కాలు జర ఈడ్చినట్టు. నడుచుకుంట నడుచుకుంట వచ్చి, కప్పు మీద సరిగ్గ నా మంచానికి పైన ఆగినయి. మస్తు సేపు ఆగినయి. ఈమె బట్టలు ఎంతసేపు ఆరేస్తదో అని ఇసుక్కొని, నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న.